బ్రెడ్డు బండి అబ్బాయి

తొలిప్రేమ చాలామందికి ఓ జ్ఞాపకం. కొందరికి మాత్రం అదే తొలి పుస్తకం. పదిహేడేళ్లప్పుడు జరిగింది వెంటనే రాసెయ్యాలా, తల నెరిశాక తీరిగ్గా రాయాలా? ఉన్నదున్నట్టు చెప్పాలా, అప్పుడు జరగనిది ఇప్పుడైనా జరిగినట్టు రాసుకోవాలా? టీనేజీ ప్రేమ నవలలకు దారి వేసిన ఓ అమ్మాయి కథ ఇది.

జూన్ నెల ఉదయం. ఎండ ఇంకా ముదరలేదు. పెరట్లో కూరగాయల మడి దగ్గర వంగి పని చేసుకుంటోంది ఓ అమ్మాయి. వయసు పదిహేడు. హైస్కూలు చదువు అప్పుడే పూర్తయింది. సెలవులయ్యాక కాలేజీలో చేరడానికి ఊరొదిలి వెళ్లాలి. ఈలోపు ఇంటి పనుల్లో అమ్మకు సాయం చేయడం, చెల్లెల్ని కనిపెట్టుకుని ఉండటం... ఆ వేసవి నుంచి అంతకుమించి ఆమె ఏమీ ఆశించలేదు.

అప్పుడొచ్చింది బేకరీ బండి. బ్రెడ్డు ఏమైనా కావాలేమో కనుక్కోవడానికి దిగిన కుర్రాడు ఊళ్లో ఆడపిల్లలందరికీ తెలిసినవాడే. బాస్కెట్‌బాల్‌లో మొనగాడు. ఆ బేకరీ వాళ్ల నాన్నదే. మాటలు కలిశాయి. కాసేపటికి, సరస్సు మీద పడవ షికారుకు వస్తావా అని అడిగేశాడు.

వెళ్లాలని ఉంది. కానీ అమ్మ ఏమంటుందో!

అమెరికా అనగానే అక్కడి పిల్లలు ఎవరినీ అడక్కుండా చెట్టాపట్టాలేసుకుని తిరుగుతారని మనకో నమ్మకం. 1940ల నాటి ఆ చిన్న ఊళ్లో మాత్రం ఓ అబ్బాయితో పడవ ఎక్కాలంటే అమ్మ అనుమతి కావాల్సిందే. ఆ అమ్మాయి గుండె దడ మన దగ్గర ఇంటర్ అమ్మాయి గుండె దడ కన్నా ఏమీ తక్కువ కాదు.

ఆమె పేరు యాంజీ మారో. అతను జాక్ డులూత్. ఇద్దరూ 'సెవెన్‌టీంత్ సమ్మర్' అనే నవలలోని పాత్రలు. 1942లో ఆ నవల వచ్చేనాటికి దాన్ని రాసిన మౌరీన్ డేలీకి 21 ఏళ్లు. రాసిందేమో కాలేజీలో చదువుకుంటూ. కథ జరిగే ఊరు ఆమె పెరిగిన ఊరే. నలుగురు అక్కచెల్లెళ్లలో యాంజీ మూడోది. ఆ మాటకొస్తే మౌరీన్ కూడా నలుగురిలో మూడోదే! జరిగినవీ, తనకు తెలిసినవీ, తన మనసుకు ముఖ్యమనిపించినవీ మాత్రమే రాశానని ఆమె తర్వాత్తర్వాత చెప్పుకుంది కూడా.

ఇప్పుడు పెద్ద పుస్తకాల షాపులకు వెళితే 'యంగ్ అడల్ట్' పేరుతో టీనేజర్ల పుస్తకాలకు ఏకంగా ఒక అర కేటాయించి ఉంటుంది. ఆ అరలో మొట్టమొదట పెట్టాల్సిన పుస్తకం ఏదంటే, అక్కడి సాహిత్య చరిత్ర రాసినవాళ్లలో చాలామంది చెప్పే పేరు ఈ 'సెవెన్‌టీంత్ సమ్మర్'దే. పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. విచిత్రం ఏమిటంటే అది వచ్చేనాటికి అలాంటి అర లేదు. టీనేజర్ల కోసం 'సెవెన్‌టీన్' పత్రిక పుట్టింది కూడా ఆ తర్వాత రెండేళ్లకు, 1944లో. అమెరికా గ్రంథాలయ సంఘం యంగ్ అడల్ట్ పాఠకుల కోసం ప్రత్యేక విభాగం పెట్టింది 1957లో. అందుకే ప్రచురణకర్తలు దాన్ని పెద్దవాళ్ల నవలగానే విడుదల చేశారు. దాన్ని సొంతం చేసుకున్నది మాత్రం పిల్లలే.

ఫోను మోగలేదు

మౌరీన్ పుట్టింది ఐర్లండులో, 1921లో. ఊహ తెలియక ముందే కుటుంబం అమెరికా చేరింది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఫాండ్‌డులాక్ అనే ఊళ్లో స్థిరపడింది. ఆ పేరుకు ఫ్రెంచి భాషలో 'సరస్సు చివర' అని అర్థం. విన్నెబాగో అనే పెద్ద సరస్సు దక్షిణపు కొసన ఉంటుందా ఊరు. జాక్, యాంజీలు పడవ వేసుకుని వెళ్లేది ఆ సరస్సులోకే.

ప్రేమ గురించి ఆమె రాయడం నవలతో మొదలు కాలేదు. స్కూల్లో ఉండగానే 'ఫిఫ్టీన్' అని ఓ కథ రాసి స్కొలాస్టిక్ పత్రిక దేశవ్యాప్తంగా పెట్టిన పోటీకి పంపింది. నాలుగో బహుమతి వచ్చింది. మరుసటి ఏడాది 'సిక్స్‌టీన్' రాసింది. ఈసారి మొదటి బహుమతి. అంతటితో ఆగలేదు... ఓ.హెన్రీ పేరిట ఏటా వేసే ఉత్తమ కథల సంపుటిలో 1938లో చోటు దక్కించుకుంది. పెద్ద పెద్ద రచయితల సరసన ఓ స్కూలు పిల్ల!

పదిహేను, పదహారు, పదిహేడు... వయసు పెరిగేకొద్దీ ఆ వయసునే శీర్షికగా పెట్టి రాసుకుంటూ పోయిందన్నమాట.

'సిక్స్‌టీన్' కథ చాలా చిన్నది. ఓ అమ్మాయి స్కేటింగ్‌కు వెళుతుంది. అక్కడో అబ్బాయి పరిచయమవుతాడు. ఆమెతో పాటు స్కేటింగ్ చేస్తాడు. రాత్రి ఇంటిదాకా తోడు వస్తాడు. ఫోన్ చేస్తానంటాడు. ఆ ఫోను కోసం ఆమె ఎదురుచూస్తుంది. ఎంతకీ రాదు. ఇక రాదని ఆమెకు అర్థమవుతుంది. కథ అంతే. ఇందులో మోసం లేదు, విలన్ లేడు. 'చేస్తా'నన్న ఒక్క మాటను ఒకరు మర్చిపోయారు, మరొకరు మర్చిపోలేకపోయారు. (ఇప్పుడు ఫోను చేతిలోనే ఉంటుంది. నీలి టిక్కులు కూడా కనిపిస్తాయి. తేడా అంతవరకే.)

ఈ కథ దగ్గర ఒక్కక్షణం ఆగాలి. ఎందుకంటే జ్ఞాపకాల్లోంచి ప్రేమకథ రాసేవాళ్లు తరచూ జారిపోయే చోటు ఇదే. పదహారేళ్లప్పుడు మోగని ఫోను నలభై ఏళ్లప్పుడు రాసే కథలో మోగుతుంది! అబ్బాయికి జ్వరమొచ్చి చేయలేకపోయాడనో, నంబరు రాసిన కాగితం వానలో తడిసిందనో కారణం పుట్టుకొస్తుంది. మనసుకు హాయిగానే ఉంటుంది. కానీ ఆ కథ చదివే పదహారేళ్ల పిల్లకు తెలుసు, తన ఫోను మోగలేదని. మౌరీన్ ఆ పిల్లకు అబద్ధం చెప్పలేదు. చెప్పేంత వయసు తనకూ లేదు మరి.

చెంచా చప్పుడు

నవలకు వస్తే, అది జూన్, జులై, ఆగస్టు అని మూడు భాగాలు. పెద్ద మలుపులు ఉండవు. పడవ షికారు, డ్యాన్సు, కుర్రకారు చేరే చోట కూల్‌డ్రింకులు, మొదటిసారి రుచి చూసిన బీరు, తొలి ముద్దు... ఇలా రోజులు గడుస్తూ ఉంటాయి. ఇప్పటి పిల్లలు చదివితే మొదటి యాభై పేజీల్లోనే 'ఇంకేమీ జరగదా' అని విసుక్కుంటారేమో. నిజమే, నిదానంగానే నడుస్తుంది. ఆ నిదానంలోనే కొన్ని దృశ్యాలు గుచ్చుకుంటాయి.

ఒకసారి జాక్ వాళ్లింటికి భోజనానికి వస్తాడు. యాంజీ వాళ్లది ఉన్నంతలో మర్యాదలు, పద్ధతులు చూసుకునే ఇల్లు. ఆమె చదివింది కాన్వెంటులో, అతను సర్కారు స్కూల్లో. తింటుంటే అతని చెంచా పళ్లకు తగిలి చప్పుడవుతుంది. ఒక్కసారి కాదు. ఆ చప్పుడు విన్నకొద్దీ యాంజీకి తలకొట్టేసినట్టవుతుంది. అమ్మ ఏమనుకుంటోందో, అక్కలు ఏమనుకుంటున్నారో! ఆ కాసేపు ఆమెకు అతని మీద ప్రేమ కన్నా సిగ్గే ఎక్కువ.

ఇది ఊహించి రాసే సంగతి కాదు. ప్రేమించిన మనిషి నలుగురిలో తేలిపోయినప్పుడు, ఆ మనిషి పక్షాన నిలబడకుండా లోలోపల ఓ అడుగు వెనక్కి వేయడం... అది ఎవరో ఒకరు చేసి, తర్వాత తనను తాను తిట్టుకున్న పనిలా ఉంటుంది. వయసు గడిచాక ఆ భోజనం గుర్తొచ్చినా చెంచా గుర్తుండదు. గుర్తున్నా రాయబుద్ధి కాదు. రాస్తే చిన్నబోయేది ఆ అబ్బాయి ఒక్కడే కాదు, రాసే మనిషి కూడా.

అక్క లొరైన్ కథ ఇంకా చేదు. ఊరికి కొత్తగా వచ్చిన మార్టిన్ అనేవాడి చుట్టూ ఆశలు అల్లుకుంటుంది లొరైన్. అతను పిలిచినప్పుడు వెళ్లడం, పిలవనప్పుడు ఎదురుచూడటం. అతనికి ఆమె ఓ కాలక్షేపం. ఇంట్లో అందరికీ అర్థమవుతూనే ఉంటుంది, ఎవరూ పైకి అనరు. చెల్లెలి ప్రేమ పక్కనే అక్క అవమానం కూడా నడుస్తుంటే, చదివేవాళ్లకు యాంజీ సంతోషం మీద కూడా ఓ కన్నేసి ఉంచాలనిపిస్తుంది.

మరి ముగింపు? ఆగస్టు అయిపోతుంది. జాక్ కుటుంబం ఓక్లహోమాకు వెళ్లిపోవాలని నిర్ణయించుకుంటుంది. అతను పెళ్లి చేసుకుందామంటాడు. ఆమె కాలేజీకి బయలుదేరుతుంది. రైలు కదులుతుంది. ఎవరూ చావరు, ఎవరూ ద్రోహం చేయరు. సెలవులు అయిపోయాయి, అంతే. రాసిన అమ్మాయికి కూడా ఆ రైలు దిగి ఎంతో కాలం కాలేదు. ఆమె చదివింది షికాగో పక్కన రివర్ ఫారెస్ట్‌లోని రోజరీ కాలేజీలో. ఆ రాతప్రతికి డాడ్, మీడ్ అనే ప్రచురణ సంస్థ కాలేజీ విద్యార్థులకిచ్చే బహుమతి దక్కింది. పుస్తకం కూడా ఆ సంస్థే వేసింది.

1941 డిసెంబరులో అమెరికా యుద్ధంలోకి దిగింది. పుస్తకం బయటికొచ్చేసరికి జాక్ వయసు కుర్రాళ్లు యూనిఫాం వేసుకుని రైళ్లెక్కుతున్నారు. నవలలోనేమో బేకరీ బండి, పడవ, డ్యాన్సు. ఒక్క ఏడాది ఆగి రాసి ఉంటే ఆ వేసవిని అంత నిశ్చింతగా రాయడం ఆమెకూ సాధ్యమయ్యేది కాదేమో.

పోస్టు చేయని ఉత్తరాలు

అందరూ అంత వెంటనే రాయలేరు. రాయనక్కర్లేదు కూడా.

జెన్నీ హాన్ సంగతే తీసుకోండి. 1980లో వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో పుట్టింది. తల్లిదండ్రులు కొరియా నుంచి వెళ్లినవాళ్లు. టీనేజీలో ఆమెకో అలవాటు ఉండేది. ఎవరైనా అబ్బాయి మీద మనసు పడితే, ఇక ఆ ఇష్టాన్ని వదిలించుకోవాలనుకున్నప్పుడు అతనికి ఉత్తరం రాసేది. మనసులో ఉన్నదంతా కక్కేసేది. పోస్టు మాత్రం చేసేది కాదు. దాచిపెట్టేది.

చాలామంది చేసిన పనే ఇది. మన దగ్గర నోటు పుస్తకాల చివరి పేజీలు ఇలాంటివి ఎన్ని చూడలేదు! జెన్నీ హాన్ తెలివంతా ఆ తర్వాత వేసుకున్న ప్రశ్నలో ఉంది. ఆ ఉత్తరాలు గనక నిజంగా పోస్టయిపోతే? 2014లో వచ్చిన 'టు ఆల్ ద బాయ్స్ ఐ హావ్ లవ్డ్ బిఫోర్' నవల అక్కణ్నుంచే పుట్టింది. అందులో లారా జీన్ అనే అమ్మాయి టోపీ పెట్టెలో దాచుకున్న అయిదు ఉత్తరాలు ఓ రోజు అయిదుగురి పేరిటా పోస్టయిపోతాయి. అందులో ఒకరు అక్క ప్రేమించిన అబ్బాయి!

ఉత్తరాలు రాసిందాకా జ్ఞాపకం. పోస్టయినప్పటి నుంచి కల్పన. ఆ గీత ఎక్కడ గీయాలో తెలియడమే ఇక్కడ పనితనం. అన్నట్టు, యాంజీ పెద్దక్క పేరు మార్గరెట్, చిట్టిచెల్లి కిట్టీ. లారా జీన్ అక్క పేరు మార్గో, చెల్లి కిట్టీ. యాదృచ్ఛికమే కావచ్చు, చదివేవాళ్లకు మాత్రం సరదాగా ఉంటుంది.

ఆ నవల సినిమాగా తీయడానికి నిర్మాతలు ముందుకొచ్చినప్పుడు కథానాయికగా తెల్లమ్మాయిని పెడదామన్నవాళ్లే ఎక్కువ. రచయిత్రి ఒప్పుకోలేదు. కొరియా మూలాలున్న అమ్మాయి పాత్రకు ఆసియా మూలాలున్న అమ్మాయే ఉండాలంది. అందుకు సరేనన్న ఒకే ఒక్క నిర్మాణ సంస్థకు హక్కులిచ్చింది. 2018లో సినిమా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చి ఎంత ఆడిందో తెలిసిందే. సొంత జ్ఞాపకంలో ఉత్తరం రాసిన అమ్మాయి ముఖం తనదే అయినప్పుడు, తెర మీద మరో ముఖం పెడితే ఇక అది ఎవరి కథ?

జూడీ బ్లూమ్ అయితే ఏకంగా అరవై ఏళ్లు పైగా ఆగింది. 1975లో టీనేజీ ప్రేమ మీద 'ఫరెవర్' రాసి అమెరికాలో పెద్ద దుమారమే లేపిన రచయిత్రి ఆమె. హద్దులు దాటిన పిల్లలకు చివర్లో శిక్ష పడే కథలు చదివి విసిగిన కూతురు, అలా ఎవరూ చావని కథ ఒకటి రాయమంటే రాసిన నవల అది. తన సొంత టీనేజీలోని అతిపెద్ద సంఘటన జోలికి మాత్రం ఆమె చాలాకాలం పోలేదు. ఆమె పెరిగింది న్యూజెర్సీలోని ఎలిజబెత్ పట్టణంలో. 1951 డిసెంబరు నుంచి 1952 ఫిబ్రవరి దాకా, రెండు నెలలైనా తిరక్కుండా, ఆ ఒక్క ఊళ్లోనే మూడు విమానాలు కూలిపోయాయి. ఆమె తండ్రి దంతవైద్యుడు. చనిపోయినవాళ్లను పళ్లను బట్టి గుర్తుపట్టే పనికి ఆయన్నీ పిలిచారు. ఆ రోజుల్లో పద్నాలుగేళ్లు కూడా నిండని ఆ అమ్మాయి, 77వ ఏట, 2015లో దాన్ని 'ఇన్ ది అన్‌లైక్లీ ఈవెంట్' నవలగా రాసింది. అది పెద్దల నవలే. కానీ నడుమ ఉన్నది మిరి అనే పదిహేనేళ్ల అమ్మాయి, ఆమె తొలిప్రేమ. విమానాల సంగతులు తన జ్ఞాపకానికే వదిలేయకుండా ఆనాటి పేపర్లన్నీ తిరగేసి సరిచూసుకుంది.

మౌరీన్‌కు నెలలు, జెన్నీకి ఏళ్లు, జూడీకి ఆరు దశాబ్దాలు. ఎవరి దూరం వాళ్లది.

రాజశేఖరం కారు... పక్కవీధి సైకిలు

మరి మన సంగతి?

తెలుగమ్మాయిలు రెండు మూడు తరాల పాటు ప్రేమ నవలలు చదివింది అద్దె పుస్తకాల షాపుల్లో. క్లాసు పుస్తకం మధ్యలో పెట్టుకునో, దుప్పటి ముసుగేసుకునో. వాళ్లందరి కలల్లోనూ యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లోని రాజశేఖరం లాంటి హీరో ఉండేవాడు. హోదా, హుందాతనం, పెద్ద కారు, పెదవి విప్పని ప్రేమ. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమాగానూ వచ్చింది. 2018లో యద్దనపూడి కన్నుమూసినప్పుడు బామ్మల నుంచి మనవరాళ్ల దాకా అందరూ ఆ పేరే తలచుకున్నారు.

ఆ నవల చదువుతున్న అమ్మాయి వీధిలోకి మాత్రం ఏ కారూ రాలేదు. వచ్చింది సైకిలు! ట్యూషన్ అయ్యాక రెండు వీధుల అవతలి దాకా వెనకాలే వచ్చి, గేటు దగ్గర బెల్లు కొట్టి వెళ్లిపోయిన సైకిలు. ఫాండ్‌డులాక్‌లో బేకరీ బండి ఎలాగో ఇక్కడ అది అలాగ. తేడా ఏమిటంటే బేకరీ బండి పుస్తకంలోకి ఎక్కింది. సైకిలు వీధి మలుపు దగ్గరే ఆగిపోయింది.

చిన్నతనం గురించి రాయడానికి తెలుగువాళ్లు ఏనాడూ జంకలేదు. నామిని 'పచ్చనాకు సాక్షిగా', ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' ఉన్నాయి. అమ్మా నాన్నా, పేదరికం, అల్లరి అన్నీ అచ్చంగా రాశారు. ఆ పిల్లలకు పదహారేళ్లు వచ్చేసరికే కలాలు కాస్త తడబడతాయి. ఆ వయసును ఎక్కువగా సినిమాకు వదిలేశాం. తమిళం నుంచి వచ్చిన 'నా ఆటోగ్రాఫ్' (2004), 'హ్యాపీడేస్' (2007) లాంటివి చూసి ఎవరి కాలేజీ రోజులు వాళ్లు గుర్తుచేసుకుని కళ్లు తుడుచుకున్నారు. ఇలాంటి సినిమాల్లో ఎక్కువ భాగం గతం తలచుకునేది అబ్బాయే. అమ్మాయి శుభలేఖ అందుకునేచోటో, పంచేచోటో కనిపిస్తుంది. ఆ అమ్మాయి వైపు నుంచి కథ ఏమిటన్నది ఆమె రాస్తేనే తెలియాలి.

రాయడం తేలికా? విజయవాడలోనో వరంగల్‌లోనో ఓ నలభై అయిదేళ్ల గృహిణి రాయడానికి కూర్చుందనుకోండి. బైపీసీ చదివిన రోజులు. బోటనీ రికార్డులో బొమ్మలు గీసిపెట్టిన ఓ అబ్బాయి. పక్కింట్లో పీపీ ఫోను. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి 'అమ్మాయ్, నీకే ఫోను' అని పిలిస్తే వీధి వీధంతా చెవులు రిక్కించేది. ఇంత సరుకు ఉంది చేతిలో. పెన్ను మాత్రం కదలదు. ఆయన చదివితే? అత్తగారికి ఎవరైనా చెబితే? ఇంటర్ చదివే కూతురు 'అమ్మా, ఇది నువ్వేనా' అంటే? ఇక ఆ అబ్బాయి... ఇప్పుడు ఏ ఊళ్లోనో భార్యాబిడ్డలతో ఉండే ఉంటాడు. అతని సంగతేమిటి?

చివరి ప్రశ్నే అన్నిటికన్నా బరువైంది. మిగతావి రాసే మనిషి పరువుకు సంబంధించినవి. ఆమె తెగిస్తే తీరిపోతాయి. అతను మాత్రం ఏ పుస్తకంలోనూ ఉంటానని ఒప్పుకోలేదు. పేరు మార్చడం మొదటి పని. కానీ అది ఒక్కటే చాలదు. ఊళ్లోవాళ్లు పోల్చుకునే గుర్తులు, వాళ్ల నాన్న ఉద్యోగం, ఇంటి ముందు చెట్టు, నడకలో కుంటు లాంటివి కూడా మార్చాలి. ఇద్దరు ముగ్గురు మనుషుల్ని కలిపి ఒక్కణ్ని చేస్తే ఇంకా నయం. అంత మార్చినా పీపీ ఫోను ఉండాలి. గోడ మీంచి వినిపించే ఆ పిలుపు ఉండాలి. ఆ పిలుపు వినగానే పరుగెత్తుతూ, పరుగెత్తుతున్నట్టు కనబడకూడదని పడిన తంటా ఉండాలి. వాటి మీద ఎవరికీ హక్కు లేదు. మనిషిని దాచొచ్చు, పడిన సిగ్గును దాస్తే మాత్రం ఆ పేజీలో ఇక ఏమీ మిగలదు. చెంచా చప్పుడు తీసేస్తే జాక్ కూడా మరో రాజశేఖరం అయిపోయేవాడు.

అమ్మ రాసిన కూతురి ప్రేమ

మళ్లీ మౌరీన్ దగ్గరికి వెళ్దాం. ఎందుకంటే ఈ ప్రశ్న ఆమెకూ ఎదురైంది. మరింత కఠినంగా.

'సెవెన్‌టీంత్ సమ్మర్' తర్వాత ఆమె పేరు మారుమోగింది. షికాగో ట్రిబ్యూన్‌లో విలేకరిగా పనిచేసింది. టీనేజర్లకు సలహాలిచ్చే శీర్షిక రాసింది. 1944లో 'స్మార్టర్ అండ్ స్మూదర్' పేరుతో అది పుస్తకంగానూ వచ్చింది. లేడీస్ హోమ్ జర్నల్‌లో సంపాదక బాధ్యతలు చూసింది. డిటెక్టివ్ నవలల రచయిత విలియం మెక్‌గివర్న్‌ను పెళ్లాడింది. ఇద్దరు పిల్లలు. పిల్లల్ని వెంటేసుకుని భార్యాభర్తలు దేశాలు తిరిగారు, ఆ ప్రయాణాల మీద కలిసి పుస్తకం రాశారు. వ్యాసాలు, కథలు, పిల్లల పుస్తకాలు... అన్నీ రాసింది. టీనేజీ నవల జోలికి మాత్రం పోలేదు. ఒకటి కాదు, రెండు కాదు, నలభై నాలుగేళ్లు! ఓ కోటి రూపాయల ప్రశ్న ఇది. పది లక్షల మంది చదివిన పుస్తకం రాసిన మనిషి అలాంటిదే ఇంకొకటి ఎందుకు రాయలేదు? తన పదిహేడో వేసవి ఒక్కటే కదా, దాన్ని రాసేసింది అని సరిపెట్టుకోవచ్చేమో.

1982లో భర్త చనిపోయాడు. కొద్దికాలానికే కూతుర్ని కేన్సర్ తీసుకుపోయింది.

1986లో, 65వ ఏట, మౌరీన్ మళ్లీ టీనేజీ ప్రేమ నవల రాసింది. పేరు 'యాక్ట్స్ ఆఫ్ లవ్'. పెన్సిల్వేనియాలో పల్లెపట్టున పెరిగిన పదహారేళ్ల రెట్టా, ఆ ఊరికి వచ్చిన డాలస్ అనే కుర్రాడు. ఆ అమ్మాయికి మూలం తన కూతురే. కూతురు ఆ వయసులో ఉండగా నడిచిన ప్రేమకథే దానికి ఆధారం.

ఇప్పుడు ఆలోచించండి. పదిహేడేళ్ల యాంజీని రాసినప్పుడు మౌరీన్‌కు లోపలి సంగతంతా తెలుసు. చెంచా చప్పుడుకు తన ముఖం ఎర్రబడింది తనకు తెలుసు. రెట్టాను రాసేటప్పుడు ఆమె తల్లి. గుమ్మంలో నిలబడి చూసిన మనిషి. కూతురు ఎప్పుడు నవ్వింది, ఎప్పుడు తలుపేసుకుంది, ఎవరొస్తే జడ సరిచేసుకుంది... బయట నుంచి చూసింది మాత్రమే చేతిలో ఉంది. లోపల ఏముందో అడుగుదామంటే మనిషి లేదు. ఇది రాయనా అని అనుమతి అడుగుదామన్నా లేదు.

ఒకప్పుడు అబ్బాయితో పడవ ఎక్కడానికి అమ్మ ఏమంటుందోనని భయపడిన అమ్మాయిని రాసిన చెయ్యి, ఈసారి అమ్మ వైపు నుంచి రాయాల్సి వచ్చింది. రెండో నవలకు మొదటిదానంత పేరు రాలేదు. రావాలని రాసినట్టు కూడా లేదు.

అక్కడితో ఆపలేదామె. మరో నాలుగేళ్లకు, 1990లో, 'ఫస్ట్ ఎ డ్రీమ్' అని ఇంకో నవల రాసింది. కొత్త అమ్మాయి కాదు, కొత్త అబ్బాయీ కాదు. రెట్టా, డాలస్‌ల కథే మళ్లీ కొనసాగించింది. అదే ఆమె ఆఖరి టీనేజీ ప్రేమ నవల. 2006 సెప్టెంబరు 25న కాలిఫోర్నియాలోని పామ్‌డెజర్ట్‌లో చనిపోయేనాటికి ఆమెకు 85 ఏళ్లు.